బొమ్మ మాయమవడం వేరు, ఆగిపోవడం వేరు

ప్రశ్న: ఈ మధ్యే కొత్త 4కె టీవీ తీసుకున్నాం. పాత టీవీకి వాడిన స్ట్రీమింగ్ స్టిక్ కూడా 4కెదే కాబట్టి దాన్నే దీనికి మార్చాం. గోడకి బిగించాక టీవీ వెనక్కి చెయ్యి పోవడం లేదు. అందుకని ఇంట్లో ఉన్న పొడుగాటి హెచ్‌డీఎంఐ ఎక్స్‌టెన్షన్ వైరు వేసి స్టిక్‌ని పక్కకి తెచ్చాం. దానికి కరెంటు టీవీకి ఉన్న యూఎస్‌బీ నుంచే ఇస్తున్నాం. సౌండ్‌బార్ ఏఆర్‌సీ అని రాసున్న పోర్టులో ఉంది. అప్పట్నుంచీ తలనొప్పి మొదలైంది. సినిమా చూస్తుంటే ఉన్నట్టుండి బొమ్మా సౌండూ రెండూ పోయి స్క్రీన్ నల్లగా అయిపోతుంది, రెండు మూడు సెకన్లకి దానంతటదే వస్తుంది. ఒక్కోసారి బొమ్మ బాగానే ఉంటుంది కానీ మాట మధ్యలో సౌండ్ తెగిపోతుంది. ఒకట్రెండుసార్లు స్టిక్ తనంతట తానే రీస్టార్ట్ అయి లోగో చూపించింది. పాత టీవీలో ఇవేవీ లేవు. ఇంటర్నెట్ వాళ్లని అడిగితే తమ వైపు లైన్ బాగానే ఉందన్నారు. మాది 100 ఎంబీపీఎస్ ప్లాన్. అయినా రూటర్ మార్చి చూశాం, తేడా లేదు. లోపం టీవీదేనని మావారు, స్టిక్ పాతబడిందని మా అబ్బాయి. రోజూ ఇదే గొడవ. ఇప్పుడు ఏం కొనాలి? స్టిక్కా, ఇంకో రూటరా? టీవీయే వెనక్కి ఇచ్చేయాలా?
– ఓ పాఠకురాలు

సమాధానం: ముందుగా, ఏమీ కొనకండి. రూటర్ మార్చడానికి పెట్టిన డబ్బు ఎలాగూ పోయింది, ఇంకో వస్తువు మీద పెట్టేముందు రెండు మూడు సాయంత్రాలు ఓపిక పట్టండి. మీరు రాసిన వివరాల్లోనే సగం జవాబు ఉంది. పాత టీవీకి బాగా పనిచేసిన స్టిక్ కొత్త టీవీకి రాగానే ఉన్నట్టుండి పాడైపోయే అవకాశం తక్కువ. ఇంటర్నెట్ కూడా టీవీతో పాటు మారలేదు. మారినవి మూడు: టీవీ, మధ్యలో వేసిన ఎక్స్‌టెన్షన్ వైరు, స్టిక్‌కి కరెంటు వచ్చే చోటు. వెతకాల్సింది అక్కడే.

ఇంకో సంగతి. మీరు ఒక్క సమస్య అనుకుంటున్నది నిజానికి రెండో మూడో. బొమ్మా సౌండూ కలిసి పోవడం ఒకటి, సౌండ్ మాత్రమే పోవడం ఇంకొకటి, తనంతట తాను రీస్టార్ట్ అవడం మూడోది. ఇవన్నీ ఒకే కారణం వల్ల కావచ్చు, కాకపోనూ వచ్చు. అన్నిటికీ కలిపి ఒకే మందు వేస్తే ఏది దేనికి పనిచేసిందో తెలియదు. అందుకే విడివిడిగా చూద్దాం.

ఇంటర్నెట్ మీద అనుమానం ఎందుకు తీసేశానో చెప్తాను, ఎందుకంటే ఇలాంటి ప్రతి ఇంట్లోనూ మొదటి తిట్లు తినేది అదే. స్టిక్ సినిమాని చుక్క చుక్కగా అప్పటికప్పుడు తెచ్చి చూపించదు. కొన్ని సెకన్ల నిడివి ఉన్న ముక్కలుగా ముందుగానే తెచ్చి తన మెమరీలో పెట్టుకుంటుంది. మీరు ఇప్పుడు చూస్తున్న సీను స్టిక్‌లోకి ఎప్పుడో వచ్చేసింది. కాబట్టి నెట్ ఒకట్రెండు సెకన్లు పోయినా సాధారణంగా మీకు తెలియను కూడా తెలియదు. ఎక్కువసేపు నెమ్మదిస్తే ముందు బొమ్మ మసకబారుతుంది, ఎందుకంటే యాప్ తనంతట తాను తక్కువ క్వాలిటీకి దిగుతుంది. అప్పటికీ చాలకపోతే బొమ్మ ఉన్నచోటే ఆగి, మధ్యలో గుండ్రం గిరగిరా తిరుగుతుంది. నెట్ లోపం కనిపించే తీరు అది. మంచి బొమ్మ ఒక్కసారిగా నల్లబడి, రెండు మూడు సెకన్లకి అంతే మంచి బొమ్మ తిరిగి రావడం నెట్ చేసే పని కాదు.

దీన్ని మీ కళ్లతో మీరే తేల్చుకోవచ్చు. లైవ్ ప్రోగ్రామ్ కాకుండా ఏదైనా సినిమా పెట్టండి. స్క్రీన్ నల్లబడి మళ్లీ వచ్చిన క్షణాన కథ ఎక్కడుందో చూడండి. నల్లబడేముందు ఒకావిడ తలుపు గడియ మీద చెయ్యి వేసిందనుకోండి. బొమ్మ వచ్చేసరికి ఆవిడ లోపలికెళ్లి కుర్చీలో కూర్చుని ఉంటే, మీకు కనిపించని ఆ రెండు సెకన్లూ స్టిక్‌లో సినిమా నడుస్తూనే ఉంది. అంటే స్టిక్ సినిమాని తెస్తోంది, ఆడిస్తోంది, కానీ అది టీవీకి చేరలేదు. లోపం స్టిక్‌కీ టీవీకీ మధ్య ఉంది. అలాకాక ఆవిడ చెయ్యి ఇంకా గడియ మీదే ఉంటే, సినిమా అక్కడే నిలిచిపోయిందన్నమాట. అప్పుడు నెట్‌నో, యాప్‌నో, స్టిక్‌నో అనుమానించాలి. ఇక్కడ ఒక మెలిక ఉంది. టీవీతో కనెక్షన్ తెగిందని తెలియగానే కొన్ని యాప్‌లు తామే పాజ్ అయిపోతాయి. అప్పుడూ సినిమా అక్కడే నిలుస్తుంది. కాకపోతే గుండ్రం తిరగదు, పాజ్ గుర్తు కనిపిస్తుంది. అది చూస్తే మళ్లీ వైరు వైపే వెళ్లండి.

మరో సాక్ష్యం కావాలంటే యూట్యూబ్ పెట్టి, వీడియో సెట్టింగ్స్‌లో ‘స్టాట్స్ ఫర్ నెర్డ్స్’ అనేది ఆన్ చేయండి. స్క్రీన్ మూల అంకెలు వస్తాయి. వాటిలో ‘బఫర్ హెల్త్’ అన్నదొక్కటి చూస్తే చాలు. ముందుగా తెచ్చిపెట్టుకున్న వీడియో ఎన్ని సెకన్లకి సరిపోతుందో అది చెప్తుంది. నలుపు వచ్చి పోయిన వెంటనే కూడా అక్కడ ఇరవై ముప్పై సెకన్లు కనిపిస్తే ఇంటర్నెట్ నిర్దోషి. మీవారికి, అబ్బాయికి ఆ అంకె చూపించండి, వాదన అక్కడితో ఆగుతుంది.

నల్లబడినప్పుడు స్క్రీన్‌ని కాస్త పరీక్షగా చూడండి. ‘నో సిగ్నల్’ అని వచ్చిందా? బొమ్మ తిరిగి వస్తూనే మూలన హెచ్‌డీఎంఐ పోర్టు పేరు, రిజల్యూషన్ కనిపించాయా, అంటే టీవీ ఆన్ చేయగానే కనిపిస్తాయే, అలా? కనిపిస్తే టీవీకి సిగ్నల్ నిజంగానే తెగి, మళ్లీ కొత్తగా కలిసిందని అర్థం. అలా కలిసినప్పుడల్లా టీవీ తను ఏయే ఫార్మాట్లు చూపించగలదో స్టిక్‌కి చెప్పాలి, ఆపైన కాపీరైట్ రక్షణ కోసం హెచ్‌డీసీపీ అనే పద్ధతిలో రెండూ ఒకదాన్నొకటి నిర్ధారించుకోవాలి. 4కె సినిమాలకి ఇందులో 2.2 లేదా ఆ తర్వాతి వెర్షన్ కావాలి. ఈ తతంగమంతా అయ్యాకే బొమ్మ వస్తుంది. అందుకే వైరులో లోపం రెప్పపాటు మాత్రమే ఉన్నా, మీకు మాత్రం రెండు మూడు సెకన్ల నలుపు కనిపిస్తుంది.

పాత టీవీలో లేని లోపం ఇప్పుడెందుకు వచ్చింది? మీ పాత టీవీ ఫుల్ హెచ్‌డీ అయి ఉంటుందని అనుకుంటున్నాను. 1080పి (ఫుల్ హెచ్‌డీకి ఇంకో పేరు) బొమ్మ, సెకనుకి 60 ఫ్రేములు అంటే వైరులో వెళ్లేది సెకనుకి దాదాపు 4.5 గిగాబిట్లు. అదే 4కెలో, 60 ఫ్రేములతో, పూర్తి రంగులతో అయితే దాదాపు 18 గిగాబిట్లు. నాలుగు రెట్లు! చాలా స్టిక్‌లు మామూలుగా మెనూనీ సినిమానీ అన్నిటినీ 60 ఫ్రేములకే మార్చి పంపుతాయి. 1080పికి ఏళ్లతరబడి బాగా పనిచేసిన వైరు ఈ వేగానికి చేతులెత్తేయడం చాలా మామూలు విషయం. పైగా మీది ఎక్స్‌టెన్షన్. స్టిక్ కొసకీ దీని సాకెట్‌కీ మధ్య ఒక అతుకు, దీని కొసకీ టీవీకీ మధ్య మరో అతుకు. ప్రతి అతుకు దగ్గరా సిగ్నల్ కొంత దెబ్బతింటుంది, పొడవుతో ఇంకొంత. గోడకీ టీవీకీ మధ్య వైరు బాగా మడతపడి ఉంటే చెప్పనక్కర్లేదు. వైరు చాలనప్పుడు పాత యాంటెన్నా రోజుల్లోలా బొమ్మ క్రమంగా వెలిసిపోదు. హద్దు దాటేదాకా అద్భుతంగా ఉంటుంది. హద్దు దగ్గర అక్కడక్కడా తెల్లని చుక్కలు తళుక్కుమంటాయి, హద్దు దాటితే ఒక్కసారిగా నలుపే. చీకటి సీన్లలో అలాంటి మెరుపు చుక్కలు మీరెప్పుడైనా గమనించి ఉంటే, ఇక అనుమానమే అక్కర్లేదు.

ఇప్పుడు పనిలోకి దిగుదాం. ఒక్క మాట మాత్రం గట్టిగా పెట్టుకోండి: ఒకసారికి ఒక్కటే మార్చాలి. గుడ్డెద్దు చేలో పడ్డట్టు వైరూ, ప్లగ్గూ, సెట్టింగూ అన్నీ ఒకే పూట మార్చేస్తే, సమస్య పోయినా దేనివల్ల పోయిందో తెలియదు. వారం తర్వాత తిరిగొస్తే మళ్లీ మొదటికే వస్తారు.

మొదటి పని కరెంటు. స్టిక్‌ని టీవీ యూఎస్‌బీ నుంచి తీసి, దానితో పాటు వచ్చిన అడాప్టర్‌కి కలిపి గోడ సాకెట్‌లో పెట్టండి. ఇది ఉచితం, రెండు నిమిషాల పని, చేసి తీరాల్సింది కూడా. టీవీకి ఉండే మామూలు యూఎస్‌బీ 2.0 పోర్టు ప్రమాణం ప్రకారం ఇవ్వాల్సింది 500 మిల్లీఆంపియర్లు, 3.0 పోర్టు అయితే 900. చాలా స్టిక్‌ల అడాప్టర్లు ఇచ్చేది 1 ఆంపియర్ లేదా అంతకన్నా ఎక్కువ. మెనూలో ఖాళీగా ఉన్నప్పుడు స్టిక్‌కి కరెంటు తక్కువే పడుతుంది కాబట్టి అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది. 4కె వీడియోని విప్పుతూ, అదే సమయంలో వైఫై మీద తర్వాతి ముక్క తెచ్చుకునేటప్పుడు ఒక్కసారిగా ఎక్కువ కావాల్సి వస్తుంది. అందనప్పుడు వోల్టేజీ కుంగి స్టిక్ తడబడుతుంది, మరీ కుంగితే రీస్టార్ట్ అయి లోగో చూపిస్తుంది. మీరు రాసిన రీస్టార్ట్‌కి నా అనుమానం పూర్తిగా దీని మీదే. టీవీ యూఎస్‌బీతో మరో ఇబ్బంది కూడా ఉంది. చాలా టీవీల్లో టీవీ ఆపగానే ఆ పోర్టుకీ కరెంటు పోతుంది. అంటే మీ స్టిక్ రోజూ ఉన్నపళంగా చచ్చి, మళ్లీ మొదటినుంచి లేస్తోంది. ఖాళీ సమయంలో చేసుకోవాల్సిన అప్‌డేట్లు చేసుకునే వీలు దానికి లేదు. అడాప్టర్ పెట్టాక ఒక రాత్రంతా దాన్ని ఆన్‌లో ఉంచి, మర్నాడు సెట్టింగ్స్‌లో అప్‌డేట్ ఏమైనా ఉందేమో చూడండి. అడాప్టర్ ఎక్కడో పోయి ఉంటే ఫోన్ చార్జర్ వాడొచ్చు, 5 వోల్టులు, కనీసం 1 ఆంపియర్ అని దాని మీద ఉండాలి. సన్నటి పాత చార్జింగ్ వైరు మాత్రం వాడకండి, దాంట్లోనే సగం వోల్టేజీ సమస్య ఉంటుంది.

దీంతో రీస్టార్ట్‌లు ఆగి, నలుపు మాత్రం ఇంకా వస్తుంటే రెండో పని. స్టిక్ సెట్టింగ్స్‌లో డిస్‌ప్లే దగ్గరికెళ్లి రిజల్యూషన్ ఆటో నుంచి 1080పి 60 హెర్ట్జ్‌కి మార్చండి. రెండు రోజులు అలాగే చూడండి. బొమ్మలో తేడా మీరు అనుకున్నంత ఉండదు, టెన్షన్ పడకండి, ఇది పరీక్ష కోసమే. నలుపు పూర్తిగా ఆగిపోయిందా? అయితే దొంగ దొరికినట్టే: వైరు, లేదా అది దిగిన పోర్టు 4కె వేగాన్ని మోయలేకపోతోంది. నలుపు మునుపటంత తరచుగానే వస్తోందా? అయితే వేగం కారణం కాదు, వదులు కనెక్షనో, పోర్టో, స్టిక్కో అన్నమాట. ఈ ఒక్క పరీక్ష చేయకుండానే ఎంతోమంది టీవీలు వెనక్కి పంపేస్తారు. మీరలా చేయకూడదనే ఇంత వివరంగా రాస్తున్నాను.

వైరే అని తేలితే ఎక్స్‌టెన్షన్ తీసి పక్కన పెట్టండి. స్టిక్ కొన్నప్పుడు డబ్బాలో వేలెడంత పొట్టి వైరు ఒకటి వచ్చి ఉంటుంది, చాలామంది దాన్ని డబ్బాలోనే వదిలేస్తారు. అది వాడండి. గోడకి బిగించిన టీవీకి కూడా పక్క అంచున ఒకటో రెండో హెచ్‌డీఎంఐ పోర్టులు సాధారణంగా ఉంటాయి, చెయ్యి అక్కడికి పోతుంది. పొడుగు వైరు తప్పదంటే కొత్తది కొనండి, కానీ కొనేటప్పుడు ‘2.0 కేబుల్’, ‘2.1 కేబుల్’ అనే మాటల్ని పట్టించుకోకండి. కేబుళ్లకి ఉన్న అధికారిక పేర్లు వేరు. ‘ప్రీమియం హై స్పీడ్’ అంటే 18 గిగాబిట్లకి పరీక్షించినది, ‘అల్ట్రా హై స్పీడ్’ అంటే 48 గిగాబిట్లకి. ఈ రెండింటికీ ప్యాకెట్ మీద ఫోన్‌తో స్కాన్ చేసి సరిచూసుకునే లేబుల్ ఉంటుంది. మీ అవసరానికి మొదటిది చాలు. బంగారు పూత, దళసరి తొడుగు, మూడింతల ధర ఇవేవీ బొమ్మని మెరుగుపరచవు. అవసరమైనంత పొడవే తీసుకోండి, అదే అన్నిటికన్నా ముఖ్యం.

పోర్టు సంగతీ చూడాలి. ఒకే టీవీలో అన్ని హెచ్‌డీఎంఐ పోర్టులూ ఒకేలా ఉండకపోవచ్చు, వాటి సెట్టింగులూ వేరుగా ఉంటాయి. ఎక్కువ వేగం సిగ్నల్ తీసుకునే సెట్టింగ్‌ని శాంసంగ్‌లో ‘ఇన్‌పుట్ సిగ్నల్ ప్లస్’ అని, ఎల్జీలో ‘హెచ్‌డీఎంఐ అల్ట్రా హెచ్‌డీ డీప్ కలర్’ అని, సోనీలో ‘ఎన్‌హాన్స్‌డ్ ఫార్మాట్’ అని అంటారు. కొత్త వైరు వచ్చేలోపు దాన్ని ఆ పోర్టుకి ఆపేస్తే స్టిక్ తక్కువ వేగంలో పంపుతుంది, నలుపు తగ్గొచ్చు. వెలుగునీడల్ని మరింత బాగా చూపే హెచ్‌డీఆర్ రంగులు మాత్రం పోతాయి, కాబట్టి అది తాత్కాలికమే.

అన్ని నలుపులూ లోపాలు కావని కూడా తెలుసుకోండి. సినిమా మొదలైనప్పుడో, అయిపోయి మెనూకి వచ్చినప్పుడో మాత్రమే సెకను పాటు నల్లబడుతుంటే కంగారు అక్కర్లేదు. సినిమాలు ఎక్కువగా సెకనుకి 24 ఫ్రేముల్లో ఉంటాయి. ‘మ్యాచ్ ఫ్రేమ్ రేట్’ లాంటి సెట్టింగ్ ఆన్‌లో ఉంటే, స్టిక్ ఆ వేగానికి మారమని టీవీకి చెప్తుంది, టీవీ మారడానికి ఆ సెకను తీసుకుంటుంది. మామూలు బొమ్మ నుంచి హెచ్‌డీఆర్‌కి మారేటప్పుడూ అంతే. మీకు సినిమా నడిమధ్యలో వస్తోంది కాబట్టి మీది ఇది కాదు.

ఇక సౌండ్. ఇది వేరే కథ. హెచ్‌డీఎంఐ వైరులో సౌండ్‌కి విడిగా దారి లేదు. బొమ్మ వరుసల మధ్య ఉండే ఖాళీల్లో సౌండ్ ముక్కలు ప్రయాణిస్తాయి. స్టిక్‌కీ టీవీకీ మధ్య వైరు తెగితే రెండూ కలిసే పోతాయి. కాబట్టి బొమ్మ నిలకడగా ఉండి సౌండ్ ఒక్కటే పోతోందంటే, ఎక్కువగా అది టీవీ దాటాక సౌండ్‌బార్‌కి వెళ్లే దారిలో జరుగుతోంది. ఇది తేల్చడానికి కూడా ఖర్చులేని పరీక్ష ఉంది. ఒక సాయంత్రం సౌండ్‌బార్ ఆపేసి టీవీ స్పీకర్లతోనే చూడండి. తెగడం ఆగితే స్టిక్‌ని ఇక ఆడిపోసుకోవద్దు.

తర్వాత సౌండ్‌బార్ మళ్లీ పెట్టి, స్టిక్ ఆడియో సెట్టింగ్స్‌లో సరౌండ్ సౌండ్‌ని ‘ఆటో’ లేదా ‘బెస్ట్ అవైలబుల్’ నుంచి పీసీఎంకి, అంటే మామూలు స్టీరియోకి మార్చండి. ఆటోలో ఉన్నప్పుడు స్టిక్ డాల్బీ సౌండ్‌ని విప్పకుండా మూటలాగే పంపుతుంది. టీవీ దాన్ని ఏఆర్‌సీ దారిలో (అంటే టీవీ హెచ్‌డీఎంఐ పోర్టు నుంచే సౌండ్‌ని బయటికి పంపే ఏర్పాటులో) సౌండ్‌బార్‌కి అందిస్తే, బార్ విప్పుతుంది. ఒక్క మూట చెడినా దాన్ని వినిపించడం కుదరదు కాబట్టి బార్ నోరు మూసుకుని తర్వాతి మంచి మూట కోసం ఆగుతుంది. అదే మీకు మాట మధ్యలో తెగినట్టు వినిపించేది. పీసీఎంలో తెగడం ఆగిపోతే డాల్బీ అందించడంలో టీవీకీ బార్‌కీ పొత్తు కుదరడం లేదన్నమాట. రెండింటికీ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ చేయండి. టీవీ సౌండ్ సెట్టింగ్స్‌లో డిజిటల్ ఔట్‌పుట్ ‘పాస్‌త్రూ’లో ఉంటే ‘ఆటో’కి, ‘ఆటో’లో ఉంటే ‘పాస్‌త్రూ’కి మార్చి చూడండి. రెండింటికీ ఈఏఆర్‌సీ ఉంటే అది ఆన్‌లో ఉందో లేదో చూడండి, పాత ఏఆర్‌సీ కన్నా దాని సామర్థ్యం ఎన్నో రెట్లు ఎక్కువ. టీవీకీ బార్‌కీ మధ్య ఉన్న వైరు కూడా పాతదే అయితే దాన్నీ అనుమానితుల్లో చేర్చండి. ఏదీ కుదరకపోతే పీసీఎంలోనే ఉంచేసుకోవడం తప్పేమీ కాదు. సరౌండ్ పోతుంది నిజమే, కానీ ఒక్క మాటా పోకుండా వినబడుతుంది. నన్నడిగితే రెండోదే ముఖ్యం.

సౌండ్ తెగిన చోటే వెనక్కి జరిపి మళ్లీ వినండి, అది మర్చిపోవద్దు. రెండోసారి కూడా సరిగ్గా అదే మాట దగ్గర తెగితే లోపం ఆ సినిమా ఫైల్లోనో ఆ యాప్‌లోనో ఉంది, మీ ఇంట్లో వైర్లన్నీ మార్చినా పోదు. వేరే యాప్‌లో వేరే సినిమా పెట్టి చూడండి. పాజ్ తీసిన ప్రతిసారీ మొదటి మాట మింగేస్తుంటే మాత్రం అది మరొకటి: మెనూలో టిక్కుటిక్కుమనే శబ్దాలు ఒక ఫార్మాట్, సినిమా ఇంకో ఫార్మాట్, మారినప్పుడల్లా బార్ సర్దుకోవడానికి క్షణం తీసుకుంటుంది. సెట్టింగ్స్‌లో నావిగేషన్ సౌండ్స్ ఆపేస్తే చాలావరకు పోతుంది.

‘సినిమా ఉన్నచోటే ఆగింది, గుండ్రం తిరుగుతోంది’ అనే పాఠకులకి కూడా నాలుగు మాటలు. 4కెకి నెట్‌ఫ్లిక్స్ అడిగేది 15 ఎంబీపీఎస్, ఫుల్ హెచ్‌డీకి 5. కాబట్టి 100 ఎంబీపీఎస్ ప్లాన్ పుష్కలం, అది స్టిక్ దాకా చేరుతోందా అన్నదే ప్రశ్న. రూటర్ పక్కన నిలబడి ఫోన్‌లో చేసిన స్పీడ్ టెస్ట్ దీనికి పనికిరాదు. టెస్ట్ స్టిక్‌లోనే చేయాలి, అది ఉన్నచోటే చేయాలి. టీవీ వెనక లోహపు రేకుకి అతుక్కుని ఉన్న స్టిక్‌కి వైఫై సగం అందదు. వీలైతే 5 గిగాహెర్ట్జ్ వైఫైకి కలపండి. 2.4లో పక్కిళ్ల రూటర్లు, మైక్రోవేవ్ ఓవెన్, బ్లూటూత్ హెడ్‌ఫోన్లు అన్నీ ఒకే చోట తోసుకుంటాయి. 5లోనూ ఒక చిక్కుంది: 52 నుంచి 144 వరకు ఉన్న చానళ్లని రాడార్లు కూడా వాడతాయి. రాడార్ సిగ్నల్ అనిపించగానే రూటర్ నిబంధన ప్రకారం ఆ చానల్ ఖాళీ చేయాలి, ఆ క్షణంలో ఇంట్లో వైఫై తెగుతుంది. రోజుకి ఒకట్రెండుసార్లు అంతుపట్టకుండా అన్ని పరికరాలకీ ఒకేసారి వైఫై పోతుంటే, రూటర్ సెట్టింగ్స్‌లో చానల్‌ని 36 నుంచి 48 లోపు పెట్టి చూడండి.

టీవీ మీద మీవారి అనుమానం సంగతి. దాన్నీ కొట్టిపారేయనక్కర్లేదు, పరీక్ష చేయొచ్చు. అదే పోర్టులో, మంచి వైరుతో, వేరే 4కె పరికరం ఏదైనా ఒక సాయంత్రం పెట్టండి. అదీ నల్లబడితే టీవీదే. ఆ స్టిక్‌నే పొట్టి వైరుతో, సొంత అడాప్టర్‌తో వేరే 4కె టీవీకి పెట్టినప్పుడు అక్కడా నల్లబడితే మీ అబ్బాయి మాటే నిజం. టీవీలో ఉండే సొంత యాప్‌లలో సినిమా చూస్తే కూడా ఒక సమాచారం దొరుకుతుంది: అందులోనూ స్క్రీన్ నల్లబడితే వైరుకీ స్టిక్‌కీ ఏ సంబంధమూ లేదు, వెంటనే టీవీ కంపెనీకి ఫోన్ చేయండి. ఫ్యాక్టరీ రీసెట్ మాత్రం ముందే చేయకండి. సర్వీసు వాళ్లు మొదట చెప్పేది అదే, కానీ దానివల్ల పాస్‌వర్డులన్నీ మళ్లీ కొట్టుకోవడం తప్ప వైరు లోపం ఎప్పటికీ పోదు.

టీవీ వారంటీలోనే ఉంది కాబట్టి తేల్చుకోవడానికి తొందర లేదు, అలాగని నెలల తరబడి వాయిదా వేయకండి. కంపెనీకి ఫిర్యాదు చేయాల్సి వస్తే ‘అప్పుడప్పుడు బొమ్మ పోతోంది’ అని వదిలేయకండి, ఇంటికొచ్చిన మనిషి ముందు ఎలాగూ పోదు. నలుపు వచ్చినప్పుడు ఫోన్‌తో వీడియో తీసి ఉంచుకోండి. ఏ పోర్టు, ఏ రిజల్యూషన్, ఏ వైరు, 1080పిలో ఆగిందా లేదా, వేరే పరికరంతో ఎలా ఉంది అన్నవి ఒక కాగితం మీద రాసి చేతికివ్వండి. ఈ రాత్రికి మాత్రం స్టిక్‌ని గోడ సాకెట్‌లో పెట్టడం ఒక్కటే చేయండి, ఎక్స్‌టెన్షన్ వైరు జోలికి ఇంకా వెళ్లకండి.